ఎనిమిది నిమిషాలు, ఒక తాళంచెవి

హైదరాబాద్ పాతబస్తీ నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. విశాఖలో మా కాలనీవాళ్ళు చార్మినార్ ఎలా ఉంది, బిర్యానీ ఎక్కడ తిన్నారు అని అడుగుతున్నారు. ఏదో చెప్పి తప్పించుకుంటున్నాను. నేను వెళ్ళింది బిర్యానీ కోసం కాదు. మూడేళ్ళ క్రితం నా అనుమానం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న ఒక మనిషిని కలవడానికి. అతని మీద మచ్చ వేసింది నేనే. దాన్ని నేనే తుడవగలనా అన్నది తేల్చుకోవడానికే ఆ మూడు రోజులు. పాతబస్తీ చూడనివాళ్ళకి అక్కడి వీధులు కొన్ని చూపిస్తాను. కానీ ఆ వీధుల్లో నడిచినంతసేపూ నా కళ్ళకి ప్రతి మనిషీ నన్ను మోసం చేయడానికే ఉన్నట్టు కనిపించాడని ముందే చెప్పుకోవాలి.

బయల్దేరే ముందు

నా పని సూర్యుడి మీద. అక్కడ అప్పుడప్పుడు పెద్ద విస్ఫోటాలు జరుగుతాయి. ఆ వెలుగు మన దాకా రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు పడుతుంది. దాని వెనకే ప్రోటాన్లు, హీలియం, ఇనుము వంటివాటి కేంద్రకాలు విపరీతమైన వేగంతో దూసుకొస్తాయి. ఉపగ్రహాలను పాడుచేసేవి, అంతరిక్షంలో ఉన్న మనుషులకు ప్రమాదం తెచ్చేవి ఇవే. వీటికి అంత వేగం ఎక్కడ పుడుతుందన్నది మాలాంటివాళ్ళ తగువు. కింద, సూర్యుడికి దగ్గరగా, మెలికలు పడ్డ అయస్కాంత క్షేత్రం తెగి మళ్ళీ అతుక్కునే చోట అంటారు కొందరు. ఇంకా పైన, విస్ఫోటం విసిరేసిన మేఘం ముందు లేచే ఆఘాత తరంగం దగ్గర అంటారు మరికొందరు. నేను రెండో జట్టు. నాకున్న కొద్దిపాటి పేరు కూడా ఆ వాదం మీద వచ్చిందే.

కణాలు ఎక్కడివో తేల్చడానికి ఒక దారి, అవి ఎప్పుడు బయల్దేరాయో లెక్కగట్టడం. వేగమైనవి ముందు వస్తాయి, నెమ్మదివి తర్వాత. ఆ ఎడాన్ని బట్టి అన్నీ కలిసి బయల్దేరిన క్షణం తెలుస్తుంది. దాన్ని మనకు కనబడిన వెలుగుతో పోల్చాలంటే, వెలుగు ప్రయాణానికి పట్టే ఎనిమిది నిమిషాలు దానికి కలపాలి. ఒకసారే కలపాలి.

నా దగ్గర పనిచేసిన బాలకిషన్ ఒక విస్ఫోటానికి ఈ లెక్కలు చేసి పట్టిక ఇచ్చాడు. ఎనిమిది నిమిషాలు అతను కలిపే ఇచ్చాడు. ఆ సంగతి పట్టిక మొదటి వరుసలో రాశాడు కూడా. నేను ఆ వరుస చదవలేదు. మళ్ళీ కలిపాను. కణాలు ఆలస్యంగా, తరంగం లేచాక బయల్దేరినట్టు వచ్చింది. నా వాదం గెలిచింది. తర్వాత బాలకిషన్ వేరే జవాబు చూపించినప్పుడు ఇద్దరికీ సరిగ్గా ఎనిమిది నిమిషాల తేడా. అతను మొదటి నుంచీ అవతలి పక్షం వాడు. అతని ఫైలు చివరిసారి మార్చిన తేదీ చూస్తే, నేను సెమినార్లో మాట్లాడిన మర్నాడు. నాకు అదే చాలింది. ఎందుకు మార్చావని అతన్ని అడగలేదు. తన వాదం కోసం సమయాలు జరిపాడని డైరెక్టరుకు ఉత్తరం రాశాను. కాంట్రాక్టు ఆగిపోయింది. నా పరిశోధన పత్రంలోంచి అతని పేరు కూడా పోయింది.

రెండు నెలల క్రితం ఒక కొత్త విద్యార్థికి పాత పట్టిక చూపిస్తుంటే ఆ మొదటి వరుస నా కంటపడింది. నెలరోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఒక సవరణ లేఖ తయారుచేశాను. అందులో అతని పేరు మళ్ళీ చేర్చాను కనుక, పత్రిక దాన్ని వేయాలంటే బాలకిషన్ సంతకం కావాలి. ఆ లేఖలో ఎనిమిది నిమిషాల గురించి ఉంది. నేను డైరెక్టరుకు రాసిన ఉత్తరం గురించి ఒక్క మాట లేదు. తెలివిగా రాశాననుకున్నాను.

మొదటి రోజు: చార్మినార్

నాంపల్లిలో దిగి ఆటో ఎక్కాను. చేతిలో ఫోను, ఫోనులో దారి. మూసీ దాటి కొంత దూరం పోయాక ఎడమవైపు వెళ్ళాల్సినవాడు కుడివైపు తిప్పాడు.

"ఇటెందుకు?" అన్నాను.

"ఉధర్ ఖోద్ కే రఖే సాబ్. రోడ్డు తవ్విన్రు. మీ ఫోనుకు ఎవ్వలు చెప్పలే" అన్నాడు డ్రైవరు.

నమ్మలేదు. వెనక్కి తిప్పమన్నాను. అతను తిప్పాడు. సందు మొదట్లోనే మనిషి లోతు గొయ్యి. స్కూటర్లవాళ్ళు అక్కడిదాకా వచ్చి తిట్టుకుంటూ మళ్ళుతున్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి, నేను తృప్తిగా చూసేదాకా ఆగాడు.

"అయ్యిందా సాబ్? ఇంక లోపలికి దిగి చూస్తరా?"

చార్మినార్ దగ్గర దిగేటప్పుడు ముందు ఒప్పుకున్న నూటయాభైయే తీసుకున్నాడు. ఇంకో ఇరవై ఇవ్వబోతే, "నక్కో. షక్ కా పైసా నై లేతా" అని వెళ్ళిపోయాడు. అనుమానానికి డబ్బు తీసుకోడట.

సాయంత్రం మా ఆవిడకోసం ముత్యాల దుకాణానికి వెళ్ళాను. అక్కడ ముత్యం అసలుదని చూపించడానికి అడక్కముందే మంట మీద పెట్టి చూపిస్తారు. నేను రెండోదాన్ని, మూడోదాన్ని కూడా పెట్టించాను. తర్వాత బ్లేడుతో గీకమన్నాను. గీకాడు. ఆఖరికి కొనకుండా లేచాను. మా ఊళ్ళో అయితే ఆ దుకాణదారు నన్ను మెట్లు దిగేదాకా తిట్టేవాడు. ఇతను ముత్యాలు ఎర్రగుడ్డలో మూటగడుతూ, "మోతీ భీ అస్లీ, ఆప్ కా షక్ భీ అస్లీ. ఫికర్ చెయ్యకున్రి, రెండు గూడ మంటల కాలయి" అన్నాడు. ముత్యమూ అసలుదే, నా అనుమానమూ అసలుదేనట. పక్క కొట్టువాళ్ళు నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను.

అక్కడ చాయ్ సాసరుతో ఇస్తారు. పోసుకుని, ఊదుకుని, అరగంట తాగుతారు. విశాఖలో కాగితం కప్పులో రెండు గుక్కల్లో అయిపోతుంది. బల్లకి అవతల కూర్చున్న పెద్దాయన నాతో మాట కలపబోతే, నేను సంచీ ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ విసురుకి సాసరు ఒరిగి చాయ్ నా ప్యాంటు మీదే పడింది. ఆయన తన రుమాలు ఇచ్చాడు. అది తీసుకునేముందు కూడా ఒక్క క్షణం ఆలోచించాను.

లాడ్జి గదికి రాగానే బాలకిషన్ ఫోన్ చేశాడు; వస్తున్నానని అతనికి ముందే చెప్పి ఉంచాను. "రేపు పదకొండుకు బేగంబజార్ల మిరపకాయల గల్లీకి రాన్రి సార్. ఆడికెల్లి ఇంటికి పోదం" అన్నాడు. ఇంటికి నేరుగా ఎందుకు రమ్మనలేదు? నలుగురి ముందు నిలదీయడానికా? నా మాటలు ఫోనులో రికార్డు చేస్తాడా? సవరణ లేఖ ఇంకోసారి చదివి, నాకు చేటు తెచ్చే మాట ఏదీ లేదని చూసుకుని పడుకున్నాను.

రెండో రోజు: బేగంబజార్

గల్లీ మొదట్లోనే తుమ్ములు మొదలయ్యాయి. బస్తాలు మోసే హమాలీలు "సైడ్, సైడ్" అంటూ మనిషిని ఒరుసుకుంటూ పోతారు. బాలకిషన్ ఒక దుకాణం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చిక్కాడు. తలలో తెల్లవెంట్రుకలు.

"బాగున్నారా?" అన్నాను.

"బాగున్నారా అంటున్నరు? అయిదేండ్లు నువ్వు నువ్వు అన్నరు గద సార్. నేను ‘మీరు’ ఎప్పటిసంది అయిన? కాయితం రాసినప్పటిసందా?"

అతను ఎక్కువసేపు దాని మీద నిలబడలేదు. ఇంటికి ఏడాదికి సరిపడా మిరపకాయలు కొనాలని చెప్పాడు. దుకాణం సేటు, బాలకిషన్ చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు, ఒక బస్తా మూతి విప్పించాడు. బస్తా మీద గుంటూరు అని ముద్ర ఉంది. సేటు గుప్పెడు తీసి, ఒక కాయ విరిచి, వాసన చూసి, తొడిమల దగ్గర గోటితో గీకాడు.

"బోరీ గుంటూర్ ది. మాల్ ఖమ్మం ది" అన్నాడు.

"ఎలా తెలుసు?" అన్నాను.

"రంగు చూడున్రి, ముడత చూడున్రి. తొడిమెకు అంటిన మట్టి చూడున్రి. బోరీ ఎవడన్న మారుస్తడు. మట్టిని ఎవడు మారుస్తడు?"

ఇదంతా బాలకిషన్ ముందే మాట్లాడిపెట్టిన ఆట అనిపించింది. సంచీ ఏదైనా, సరుకే తన ఊరు చెబుతుందని నాకు పాఠం చెప్పడానికి. లోపల నుంచి ఇంకో బస్తా తెప్పించమన్నాను, అదీ నేను వేలు పెట్టి చూపించిన బస్తా. సేటు బాలకిషన్ వైపు చూసి, "ఏంది, సారు పోలీసా?" అన్నాడు. తెప్పించి చూశాడు. ఈసారి కాసేపు తటపటాయించి, "మిలావట్. రెండూళ్ళది కలిసింది" అన్నాడు. ఆటే అయితే అంత తటపటాయించడు. నాకు సిగ్గేసింది.

మిరపకాయలు ఆటోలో వేసుకుని వెళ్తుంటే బాలకిషన్ అన్నాడు: "నేను గప్పుడు చెప్దామనుకున్నది గిదే సార్. సమయం ఒక్కటే చూడొద్దు. ఇనుము పాళ్ళు చూడాలె, తేలిక హీలియం చూడాలె. అది కింద నుంచి వచ్చిన సరుకుకు అంటిన మట్టి. మొదటి గంటల ఇనుము మస్తుగ ఉండె. తర్వాత తగ్గింది. అంటే ముందుగాల వచ్చినయి కిందివి, తర్వాత వచ్చినయి పైన తరంగం తోలినయి. రెండూ కలిసినయి. మీరు సగం కరెక్టు సార్. నేను సగం కరెక్టు. మీ సెమినార్ మర్నాడు ఇనుము లెక్క ఫైలుల కలిపి, ఆ మాట చెప్దామని వస్తే మీ గది తలుపు పెట్టి ఉండె."

ఆ రోజు నాకు గుర్తుంది. తలుపు తట్టిన చప్పుడు విన్నాను. లోపల కూర్చుని డైరెక్టరుకు ఉత్తరం టైపు చేస్తున్నాను.

గౌలిపురా: మేకు

వాళ్ళిల్లు గౌలిపురా వైపు ఒక సందులో, ఆ సందు చివర గుడి. నాలుగు తరాలుగా ఆ గుడి సామాన్ల గది తాళంచెవి ఈ ఇంట్లోనే ఉంటుందని దారిలో విన్నాను. రోజూ తెల్లవారే బాలకిషన్ తండ్రి రాజలింగం దీపం పెట్టి, దేవుడి పటం పక్కనున్న మేకు నుంచి చెవి తీసుకుని వెళ్ళి, గది తెరిచి, నైవేద్యానికి మానికతో బియ్యం కొలిచి ఇచ్చేవాడు. మా వైపు ఇలాంటి పనికి గుమాస్తాను పెడతారు. ఇక్కడ ఆ చెవి ఒక ఇంటికి మర్యాద.

పటం పక్కన మేకు ఉంది. తాళంచెవి లేదు.

బాలకిషన్ భార్య శోభ మాకు అన్నాలు వడ్డించింది. పచ్చిపులుసు, మామిడికాయ పప్పు. పచ్చిపులుసు నేను ఎప్పుడూ తినలేదు. ఉడకని పులుసు ఏమిటని మొదటి ముద్ద అనుమానంగానే పెట్టుకుని, తర్వాత మూడుసార్లు పోయించుకున్నాను. భోజనమయ్యాక సవరణ లేఖ తీసి బాలకిషన్‌కి ఇచ్చాను. చదివి, మడిచి, నా పక్కన పెట్టాడు.

"దీన్ని మా బాపు చదవగలడా సార్?"

"ఇంగ్లీషులో ఉంది. పత్రికకి కదా."

"పత్రిక చదివేటోళ్ళు నన్ను మర్చిపోయిన్రు. ఆ మేకు ఎందుకు ఖాళీగున్నదో ఎరుకేనా?"

శోభ చెప్పింది. మా సంస్థ కాగితం రిజిస్టర్ పోస్టులో ఇంటికి వచ్చిందట. ఇంగ్లీషు కాగితం అని రాజలింగం గుడి దగ్గర ఒకాయనతో చదివించుకున్నాడు. రికార్డులు మార్చినందుకు అని ఉంది అందులో. వారం తిరక్కుండా గుడి కమిటీవాళ్ళు వచ్చారు. "కొడుకు లెక్కలు మార్చెటోడైతే సామాన్ల గది ఈ ఇంట్ల ఎట్ల ఉంచుతం అన్నరు" అంది. "మామ తాళంచెవి తీసి వాళ్ళ చేతుల పెట్టిండు. మూడేండ్లాయె, ఆ గుడి మెట్లు ఎక్కలే."

రాజలింగం అప్పటిదాకా గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు.

"తెలుగుల రాయున్రి సార్" అన్నాడు బాలకిషన్. "కమిటీకి. బాపుకు సమజైతే వాళ్ళకు సమజైతది. అది రాస్తే మీ ఇంగ్లీషు కాయితం మీద సంతకం పెడత."

నాకు వెంటనే తట్టిన ఆలోచన ఇది: ఆ కాగితం నా చేతిరాతతో వాళ్ళ దగ్గర ఉంటే రేపు కోర్టులో పెట్టరని ఏమిటి? సిగ్గు లేకుండా అదే అడిగాను.

బాలకిషన్ నవ్వలేదు, కోప్పడలేదు. "పెట్టొచ్చు" అన్నాడు. "పెట్టనని నేనెందుకు చెప్పాలె?"

మధ్యాహ్నమంతా రాశాను. మొదటిసారి రాసింది రాజలింగానికి చదివి వినిపిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "సూర్యుడు, వెలుగు, అదంత బాగనే ఉన్నది సారూ. మీరు ఏం జేసిన్రో ఎక్కడున్నది?"

రెండోసారి రాశాను. సూర్యుడి నుంచి వచ్చే రేణువులు ఎప్పుడు బయల్దేరాయో బాలకిషన్ సరిగ్గా లెక్కగట్టాడని, కలపాల్సిన ఎనిమిది నిమిషాలు అతను కలిపితే నేను మళ్ళీ కలిపానని, తప్పు నాదై ఉండగా అతను దొంగలెక్క వేశాడని పై అధికారికి రాసింది కూడా నేనేనని, రాసేముందు అతన్ని ఒక్క మాట అడగలేదని. చివరికి అర పేజీ అయింది.

రాజలింగం కళ్ళద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. చాలాసేపు పట్టింది.

"ఎనిమిది నిమిషాలకేనా సారూ?" అన్నాడు.

"కాదండీ. అడగనందుకు."

ఆయన కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చాడు. "నేను ఇస్తే ముసలోడు రాయించుకొచ్చిండు అంటరు. రేపు పొద్దున కమిటీ కూసుంటది. మీరే చదువున్రి."

మర్నాడు పొద్దున్నే నాకు రైలు ఉంది. టికెట్ రద్దు చేశాను. బాలకిషన్ ఇంగ్లీషు కాగితం తీసుకుని, సంతకం పెట్టి, పైన రాసిన పేర్ల వరుస చూసి కొట్టేశాడు. నేను అతని పేరు ముందు పెట్టి తెచ్చాను.

"తప్పు సవరణకు తప్పు చేసినోని పేరే ముందుండాలె సార్" అన్నాడు. "ఇనుము సంగతి రెండో కాయితం రాద్దం. అండ్ల నా పేరు ముందు పెట్టున్రి."

మూడో రోజు: గుడి మండపం

మండపంలో ముగ్గురు కమిటీవాళ్ళు చాప మీద కూర్చున్నారు. రాజలింగం లోపలికి రాలేదు, మెట్ల కింద నిలబడ్డాడు. నేను చదివాను.

చదవడం అవగానే ముందు మాట్లాడింది వాళ్ళలో ఒకాయన, చీరల వ్యాపారి. బాలకిషన్ వైపు చూసి, "ఎంతకు మాట్లాడి తెచ్చినవే ఈ సారును?" అన్నాడు.

నాకు ముఖంలోకి వేడి ఎగదన్నింది. ఏడు వందల కిలోమీటర్లు వచ్చి, నా తప్పు నేను ఒప్పుకుంటే... అనుకుంటుండగానే ఆ ప్రశ్న నాకు కొత్తది కాదని తెలిసింది. ఆయన స్థానంలో ఉంటే నేను అడిగేదీ అదే.

"ఊకోవయ్యా" అన్నాడు కమిటీ అధ్యక్షుడు, రిటైరైన హెడ్ గుమాస్తా. "సారూ, మీ కార్డు గిట్ల ఉన్నదా?"

ఇచ్చాను. కార్డును, నన్ను, కార్డును మార్చి మార్చి చూశాడు.

"ఫోటోల మీసమున్నది."

"తీసేశానండీ."

"ఎందుకు తీసిన్రు?"

దానికి నా దగ్గర రుజువు లేదు. తెల్లబడిందని అన్నాను. మూడో ఆయన కార్డు వెనక్కి తిప్పి ముద్ర మీద వేలితో రుద్ది చూశాడు. పదిహేను నిమిషాలు అలా నిలబడ్డాను. బాలకిషన్ స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. నన్ను ఆదుకోవడానికి ఒక్క మాట అనలేదు. అనాల్సిన పనీ లేదు.

"మీ పెద్దసారు పేరు, ఆఫీసు నంబర్ రాసియ్యున్రి" అన్నాడు అధ్యక్షుడు ఆఖరికి. "మీరు చెప్పింది విన్నం. అట్లని మీ మాట మీద తాళం ఇయ్యం. సోమవారం నాడు మేమే ఫోన్ చేసి అడుగుతం."

రాసి ఇచ్చాను. వాళ్ళకి సూర్యుడి గురించి ఏమీ తెలియదు, ఫైళ్ళ తేదీలు చూడ్డం తెలియదు. కానీ ఒక మనిషి సంగతి తేల్చేముందు అడగాలని తెలుసు.

విశాఖ

ఆదివారం ఇంటికి చేరి, ఆ తెలుగు ఉత్తరం నకలు డైరెక్టరుకు పంపాను. పంపే మీట నొక్కడానికి గంట పట్టింది. వాళ్ళు నిజంగా ఫోన్ చేస్తారా, చేయకపోతే ఇది పంపకుండానే గడిచిపోతుందేమో అన్న లెక్క కూడా వేశాను. ఇది రాస్తున్నాను కనుక అదీ దాచడం లేదు.

సోమవారం పన్నెండింటికి డైరెక్టరు ఫోన్ చేశారు.

"హైదరాబాద్ నుంచి ఏదో గుడి కమిటీ అట. లైనులో ఉన్నారు. మీరు పంపింది ఇప్పుడే చదివాను. వాళ్ళకేం చెప్పమంటారు?"

"అందులో రాసిందంతా నిజమని చెప్పండి."

"చెబితే మిమ్మల్ని ప్రాజెక్టు బాధ్యతలో ఉంచలేను. విచారణ వేయాలి. తెలుసు కదా?"

"తెలుసు సార్. వాళ్ళు ఎదురు చూస్తున్నారు, ముందు వాళ్ళకి చెప్పండి."